సిగ్నల్ లేని కొండ మీద మూడు రాత్రులు

మా మామయ్య ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీలో డ్రైవర్‌గా చేశారు. అందులో ఎక్కువ కాలం మార్కాపురం డిపోలోనే. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కని వారం ఉండేది కాదంటారు. అలాంటి మనిషిని కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కొండ రోడ్డు ఎక్కడం ఎంత టెన్షనో మా ఆయన్ని అడగండి. అమెరికాలో మేముండే షార్లెట్‌లో బయల్దేరింది మొదలు "గేరు తగ్గించు నాయనా" అన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఇది ఆటోమేటిక్ బండి మామయ్యా అని నేనంటే, "అయితే కాలన్నా తగ్గించమను" అన్నారు.

ఆ వేసవిలో అత్తయ్య, మామయ్య ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చారు. వచ్చిన అమ్మానాన్నలకి అందరూ చూపించేవే మేమూ చూపించాం. నయాగరా, వైట్‌హౌస్, న్యూయార్క్‌లో ఆ లిబర్టీ బొమ్మ. అన్నీ చూసొచ్చి మామయ్య అడిగిన ప్రశ్న ఒకటే: "ఈ దేశంలో మనిషి లేని అడవి ఏమన్నా ఉందా?" దానికి జవాబుగా చేసిన ప్రయాణం ఇది. 2024లో హెలీన్ తుఫాను రాకముందు ఒక జూలైలో, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో, బాల్సమ్ మౌంటెన్ క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు.

నార్త్ కరోలినా, టెన్నెసీ సరిహద్దు మీద ఉన్న ఈ పార్కు 1934లో ఏర్పడింది. అమెరికా నేషనల్ పార్కులన్నిటిలో జనం ఎక్కువగా వచ్చేది ఇక్కడికే, ఏడాదికి కోటికి పైగా సందర్శనలు. అయినా గేటు దగ్గర టికెట్ లేదు. మధ్యలోంచి పోయే న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డును కేంద్ర ప్రభుత్వానికి అప్పగించినప్పుడు టెన్నెసీ రాష్ట్రం దాని మీద టోల్ వసూలు చేయకూడదని షరతు పెట్టింది. ఆ షరతు ఇప్పటికీ నడుస్తోంది. కాకపోతే 2023 మార్చి నుంచి పార్కింగ్ ట్యాగ్ పెట్టారు. పావుగంటకి మించి బండి ఆపాలంటే రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. మేం వారం ట్యాగ్ తీసుకున్నాం.

కోటి మంది వచ్చే చోట మనిషి లేని అడవి ఎక్కడ దొరుకుతుందని మా ఆయన నవ్వారు. నవ్వడానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు మేం పార్కు పక్కనే ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊరి వైపు ఒక క్యాబిన్ తీసుకున్నాం. ప్రకటనలో "ఏకాంతమైన కొండ ఇల్లు" అని ఉంది. వెళ్లి చూస్తే కొండ వాలంతా అచ్చం అలాంటి ఇళ్లే, మెట్లు మెట్లుగా. మా వరండాలో నిలబడితే ఎదురు వరండాలో వాళ్లు ఏం తింటున్నారో చెప్పొచ్చు. రాత్రి ఒంటిగంట దాకా ఎవరిదో హాట్‌టబ్ పార్టీ. ఇవి చాలనట్టు, అన్ని రాత్రుల అద్దె కట్టాక శుభ్రం చేసినందుకని మరో రాత్రి అద్దెంత చార్జీ వేశారు. బయల్దేరే రోజు పొద్దున దుప్పట్లు మడతపెట్టి, చెత్త బయట పడేసి వచ్చింది మాత్రం నేనే. ఊరు కూడా అంతే, పాన్‌కేక్ హోటళ్లు, మ్యూజియంలు, మధ్య ఇరుకు రోడ్డు మీద పాకే కార్లు. పిల్లలకి సరదాగానే ఉంటుంది. అడవికి వెళ్లినట్టు మాత్రం ఉండదు.

అందుకని ఈసారి గుడారమే అనుకున్నాం. స్మోకీస్‌లో కారులో చేరుకునే క్యాంప్‌గ్రౌండ్లు పది దాకా ఉన్నాయి, అవి కూడా ఒక్కోటి ఒక్కో తీరు. ఎల్క్‌మాంట్ అన్నిటికంటే పెద్దది, రెండొందలకు పైగా సైట్లు, అంటే టెంటు వేసుకునే జాగాలు. ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోయే మిణుగురులు అక్కడ కనిపిస్తాయి, వాటిని చూడ్డానికి లాటరీ తగలాలి. అవి వచ్చేది వేసవి మొదట్లో, జూలైకి అయిపోతాయి. స్మోక్‌మాంట్ ఏటి ఒడ్డున, ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది. తర్వాత దారిలో ఆగి చూశాం. నీళ్ల చప్పుడు బాగుంది, కానీ ఇల్లంత వ్యాన్లు వరసగా నిలబడి లారీల స్టాండులా ఉంది. బిగ్ క్రీక్‌లో పన్నెండే సైట్లు, అన్నీ టెంట్లకే, అదే తీసుకుందామని ఆశపడ్డాను. కానీ కారు ఒకచోట పెట్టి సామాను మోసుకుని వెళ్లాలి. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. కాటలూచీలో ఇరవై ఏడు సైట్లు, లోయలో ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు, దారి మాత్రం అంచుల్లో రెయిలింగ్ లేని సన్న రోడ్డు. మామయ్యకి అదే నచ్చింది. మా ఆయనకి అదే నచ్చలేదు.

చివరికి బాల్సమ్ మౌంటెన్. పార్కులోని క్యాంప్‌గ్రౌండ్లన్నిటిలో ఎత్తయినది ఇదే, 5,310 అడుగులు. అంటే సుమారు 1,600 మీటర్లు, మన హార్స్‌లీ హిల్స్ కంటే ఎత్తు. నలభై పైచిలుకు సైట్లు. కరెంటు లేదు, స్నానాల గది లేదు, దుకాణం లేదు, ఫోను పలకదు. మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకానే తెరుస్తారు. రాత్రికి 30 డాలర్లు, ఒక సైట్లో ఆరుగురు, రెండు టెంట్ల దాకా ఒప్పుకుంటారు. మేం అయిదుగురం, మా తొమ్మిదేళ్ల పాపతో కలిపి. బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ఆరు నెలల ముందు నుంచి దొరుకుతుంది. సోమవారం నుంచి గురువారం దాకా అడిగాం కాబట్టి మూడు వారాల ముందు కూడా దొరికింది. శని, ఆదివారాలకి మాత్రం అప్పటికే ఖాళీ లేదు.

దారి గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ చోటు ప్రశాంతంగా ఉండడానికి కారణం దారే. ఆష్‌విల్ దాటాక వేన్స్‌విల్, మ్యాగీ వ్యాలీ మీదుగా సోకో గ్యాప్ ఎక్కి, అక్కడ బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు పట్టుకోవాలి. ఆ పార్క్‌వే మీద పెట్రోల్ బంకు ఉండదు. మ్యాగీ వ్యాలీలో ట్యాంకు నింపుకుని, ఐసు, నీళ్ల క్యాన్లు, కట్టెలు కొనుక్కోవాలి. కట్టెలంటే ఏవో కట్టెలు కాదు, వేడిచేసి పురుగు చంపినట్టు ముద్ర ఉన్న కట్టలే పార్కులోకి తీసుకెళ్లనిస్తారు. బయటి కట్టెలతో వచ్చే పురుగులు చెట్లని చంపేస్తున్నాయి. పార్కులో ఎండి రాలిన కొమ్మలు ఏరుకోవచ్చు, పర్వాలేదు. మైలురాయి 458 దాటగానే కుడివైపు హెయింటూగా రిడ్జ్ రోడ్డు. అది ఎక్కడికీ దారి కాదు. తొమ్మిది మైళ్ల దూరం కొండ వెన్ను మీద పోయి, క్యాంప్‌గ్రౌండ్ దగ్గర తారు ఆగిపోతుంది. ఇంకెక్కడికో పోతూ పోతూ ఇటు వచ్చే మనిషి ఎవడూ ఉండడు. ఆ తొమ్మిది మైళ్లలో మాకు ఎదురొచ్చిన బండ్లు మూడు.

"ఇదీ రోడ్డంటే" అన్నారు మామయ్య. ఆ రోజంతటిలో ఆయన మెచ్చుకున్న మొదటి వస్తువు అది.

సైటు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ఏ మాటకామాట చెప్పాలి, సైట్లు నేననుకున్నంత ఎడంగా లేవు. పక్కవాళ్ల టెంటు చెట్ల సందుల్లోంచి కనపడుతుంది. కొన్ని సైట్లు ఏటవాలుగా, టెంటు వేసే చోటు చిన్నగా ఉన్నాయి. ఆరుగురు పట్టే టెంటు తెచ్చినవాళ్లు బుక్ చేసేటప్పుడు ఆ సైటు కొలతలు, ఫొటో చూసుకోవడం మంచిది. మాది ఎలాగో పట్టింది, ఒక మూల తాడు మాత్రం పిక్నిక్ బల్ల కాలికి కట్టాల్సి వచ్చింది. ప్రతి సైటుకీ ఒక బల్ల, నిప్పు వేసుకునే ఇనుప చట్రం ఉన్నాయి. టాయిలెట్లు ఫ్లష్‌వే, శుభ్రంగా ఉన్నాయి, నీళ్లు మాత్రం ఐసు ముక్కలే.

టెంటు సగం లేచిందో లేదో వాన. స్మోకీస్ కొండల మీద ఏడాదికి 85 అంగుళాల దాకా కురుస్తుంది. జూలై మధ్యాహ్నాలు ఉరుములకి పెట్టింది పేరు. ఇవన్నీ చదివి కూడా మేం టార్పాలిన్‌ని కారు డిక్కీలో అన్నిటికంటే అడుగున పెట్టాం. దాన్ని లాగేసరికి అందరం తడిశాం. అప్పుడు చూశాను మామయ్య చేతుల్ని. మా ఆయన ఇంటర్నెట్లో నేర్చుకున్న ముడి రెండుసార్లు జారిపోయింది. మామయ్య ఆయన్ని పక్కకి జరిపి, తాడుని చెట్టు చుట్టూ రెండు చుట్లు తిప్పి, మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొస దాంట్లోంచి దూర్చి, కాలు చెట్టుకి ఆనించి వెనక్కి వాలారు. తాడు తంబూరా తీగలా బిగిసింది. బస్సు టాపు మీద మిరపకాయ బస్తాలు కట్టే ముడి అది. విప్పేటప్పుడు ఒక కొస లాగితే చాలు, మొత్తం జారిపోతుంది. నాలుగు మూలలకీ అయిదు నిమిషాలు పట్టలేదు. వాన మూడు రోజులూ ఏదో ఒక పూట వచ్చింది, ఆ టార్పాలిన్ మాత్రం అంగుళం కుంగలేదు. పాప ఆ ముడి నేర్చుకుని ఇప్పుడు ఇంట్లో కుర్చీలన్నీ కట్టేస్తోంది.

ఇక వంట. పార్కులో నల్ల ఎలుగుబంట్లు పదిహేను వందలకు తక్కువ ఉండవు. తినేవి, వాసన వచ్చేవి ఏవీ బయట వదలకూడదని నియమం. అన్నం గిన్నె, ఐసు పెట్టె, టూత్‌పేస్టు, సబ్బు, అన్నీ కారు లోపల పెట్టి అద్దాలు ఎత్తాలి. అంట్లు కడిగిన నీళ్లు నేల మీద పోయకూడదు. అత్తయ్యకి ఇవన్నీ వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, సాయంత్రం చారులో ఇంగువ పోపు పెట్టింది. ఆ తడి గాలిలో ఆ వాసన ఎక్కడిదాకా పోయిందో ఏమో, క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే పెద్దాయన, తెల్ల గడ్డం, పార్కు టోపీ, చేతిలో నడక కర్ర, వచ్చి నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నాం. ఏం వండుతున్నారని అడిగాడు. గ్లాసుడు చారు ఇస్తే ఊదుకుంటూ తాగి, దగ్గి, ఇంకొంచెం పోయమన్నాడు. పోయేముందు మాత్రం మా బల్ల మీది ఆవకాయ సీసా వైపు వేలు చూపించి, నిద్రపోయే ముందు ఇది కారులోకి వెళ్లాలి అని నవ్వకుండా చెప్పాడు. మూడు రాత్రులూ ఆ సీసా డిక్కీలోనే పడుకుంది. ఆ కారు ఇప్పటికీ ఎండలో పెడితే మామిడికాయ వాసన వేస్తుంది.

ఎలుగుబంటి మా దగ్గరికి రాలేదు. మామయ్య కొంచెం నిరాశపడ్డారు కూడా. నల్లమలలో బండి లైట్లకి అడ్డం వచ్చే ఎలుగులు పుట్టలు తవ్వుకు తినేవి, మహా కోపిష్టివి, వాటితో పోలిస్తే ఇక్కడివి పెంపుడు గొర్రెలని ఆయన అభిప్రాయం. పార్కు వాళ్ల అభిప్రాయం వేరు. ఎలుగుకైనా ఎల్క్‌కైనా 50 గజాల దూరం పాటించాలి. పాపకి వాళ్ల మాటే వినమని చెప్పాను.

మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆన్‌లైన్‌లో కొన్న గాలి పరుపు అర్ధరాత్రికి చప్పబడి, నడుం కింద రాయి తెలుస్తోంది. దాన్ని తర్వాత వెనక్కి పంపాం, డబ్బులు వచ్చాయనుకోండి. కానీ నిద్ర పట్టకపోవడానికి పరుపొక్కటే కారణం కాదు. ఫ్రిజ్ మోత లేదు, ఏసీ మోత లేదు, దూరంగా హైవే హోరు లేదు. పది దాటితే నిశ్శబ్దంగా ఉండాలని నియమం, అక్కడున్నవాళ్లు అది నిజంగానే పాటించారు. టెంటు మీద చెట్ల నుంచి చినుకు రాలితే ఎవరో వేలితో తట్టినట్టు వినపడుతోంది. పన్నెండు, పదమూడు డిగ్రీల చలి. షార్లెట్‌లో ముప్పై మూడు డిగ్రీల్లోంచి వచ్చి, జూలైలో స్వెట్టర్లెందుకని నేను తీసిపారేస్తే, అత్తయ్య దొంగతనంగా సంచిలో పెట్టిన మంకీ క్యాపులే కాపాడాయి. రెండింటికి ఏదో గుడ్లగూబ మొదలుపెట్టింది. పక్క టెంటులోంచి మామయ్య గొంతు మెల్లగా వినిపించింది, "వింటున్నావా?" అని. అత్తయ్య, "మీరు పడుకుంటే వింటా" అంది.

పొద్దున్నే అసలు సమస్య. అత్తయ్య స్నానం చేయకుండా పొయ్యి వెలిగించదు. స్మోకీస్ క్యాంప్‌గ్రౌండ్లలో వేటిలోనూ స్నానాల గదులు లేవు, ఈ సంగతి నాకు తెలుసు. చెబితే రానంటుందని చెప్పలేదు. తప్పు నాదే. నేను పొయ్యి మీద నీళ్లు కాచి ఇస్తే, ఆవిడ టెంటులో వంగి వంగి ఒళ్లు తుడుచుకుని, చీర కట్టుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చి, బయటికి వచ్చి నాతో గంటసేపు మాట్లాడలేదు. మూడో రోజు మ్యాగీ వ్యాలీకి దిగి, ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో డబ్బు కట్టి అందరం స్నానాలు చేశాం. వేన్నీళ్లు ధారాళంగా వచ్చాయి. అత్తయ్య ముఖం అప్పుడు వెలిగింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ ఏర్పాటు ముందే చూసుకుని, ముందే చెప్పేయండి.

రెండో రోజు తారు ఆగిన చోటి నుంచి మొదలయ్యే మట్టి రోడ్డు దిగాం. బాల్సమ్ మౌంటెన్ రోడ్డు, పద్నాలుగు మైళ్ల దాకా ఒకే దిశలో పోవాలి. ఒకసారి దిగితే వెనక్కి తిరగడానికి లేదు. మామూలు కారు సరిపోతుంది, పెద్ద వ్యాన్లు, ట్రెయిలర్లు వెళ్లకూడదు. గంటకి పది, పన్నెండు మైళ్ల వేగం, రెండు వైపులా ఆకుల గోడ, బండి కింద కంకర చప్పుడు. ఒక మలుపులో చెట్ల మధ్యకి పోతున్న నల్లటి వెనక భాగం ఒకటి కనపడింది. అదే మా ఎలుగుబంటి దర్శనం. మామయ్య ముందు సీటుకి మారారు. బండి మా ఆయనది, కాళ్లు మా ఆయనవి, డ్రైవింగ్ మాత్రం మామయ్యది. "ఆ రాయి ఎడమ చక్రానికి రావాలి. ఊఁ. ఇప్పుడు వదిలెయ్." మలుపు మలుపుకీ అలవాటుగా హారన్ కొట్టమన్నారు. ఎదురు బండి రాదు మామయ్యా, ఇది ఒన్‌వే అంటే, "జంతువులకి తెలుసా ఒన్‌వే అని?" అన్నారు. పార్కంతటిలో నాకు బాగా నచ్చిన గంటన్నర ఏదంటే ఇదే చెబుతాను.

ఆ రోడ్డు చివరికి చెరోకీ అనే ఆదివాసీ తెగ వాళ్ల నేలలోకి దిగుతుంది. 1838లో చెరోకీలను ఇక్కడి నుంచి సైన్యంతో పడమటికి తరిమేసినప్పుడు, కొండల్లో మిగిలిపోయినవాళ్ల వారసులది ఈ నేల, దీన్ని క్వాలా బౌండరీ అంటారు. చెరోకీ అనే పేరుతోనే ఉన్న ఊళ్లో వీధి బోర్డుల మీద ఇంగ్లిష్‌తో పాటు చెరోకీ లిపి ఉంటుంది. పాప వాళ్ల తాతకి అది చూపించి, ఇది ఏబీసీడీలు కాదు తాతా, మన అక్షరాల్లాంటివి అంది. నిజమే. ఇంగ్లిష్ చదవడం రాని సెక్వోయా అనే చెరోకీ మనిషి ఒంటరిగా కూర్చుని 1821 నాటికి ఆ లిపిని పూర్తి చేశాడు. ఎనభై అయిదు అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు. క, కి, కు లాంటివే, కాకపోతే గుణింతం లేదు, దేనికదే వేరే బొమ్మ. మామయ్య ఒక బోర్డు ముందు చాలాసేపు నిలబడి, అందులో మన "ర" లాంటిది ఒకటి ఉందని తేల్చారు. నాకైతే కనపడలేదు.

ఆ దారిలోనే మింగో జలపాతం. 120 అడుగులు, మెట్లు 161. అత్తయ్య మోకాళ్లకి వద్దన్నాం. తిరుమల మెట్లు ఎక్కినదాన్ని నన్ను ఆపేదేంటని కొంగు దోపుకుని, పదేసి మెట్లకి ఒక గోవిందా చెబుతూ ఎక్కింది. పైన నీళ్లు సన్నటి దారాలుగా నల్లరాతి మీద జారుతుంటాయి. నేను చూసిన స్మోకీస్ జలపాతాల్లో తక్కువ కష్టానికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. చెరోకీ ఊళ్లో భోజనం మాత్రం శాకాహారులకి అంతంతమాత్రం, ఫ్రైబ్రెడ్ తిని సరిపెట్టుకున్నాం. తినేసరికి అత్తయ్య, "ఇది మన భటూరా కాదూ?" అంది. సాయంత్రం ఓకొనలఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పొలాల్లో ఎల్క్‌లు మేస్తూ కనపడ్డాయి. వేటకి పూర్తిగా అంతరించిపోతే 2001లో, 2002లో బయటి నుంచి మొత్తం 52 తెచ్చి వదిలారు. ఇప్పుడు రోడ్డు పక్కన ఎద్దుల్లా నిలబడుతున్నాయి.

కువోహి శిఖరానికీ వెళ్లాం, 6,643 అడుగులు, పార్కులో అన్నిటికంటే ఎత్తు. అప్పటికి బోర్డుల మీద క్లింగ్‌మన్స్ డోమ్ అనే ఉంది, 2024 సెప్టెంబర్‌లో పాత చెరోకీ పేరు తిరిగి పెట్టారు. పార్కింగ్ కోసం నలభై నిమిషాలు తిరిగాం. అర మైలు నిట్రంగా ఉన్న దారి ఎక్కి, 1959 నాటి గుండ్రటి టవర్ ఎక్కితే నలువైపులా తెల్లటి మంచు. పక్కవాళ్ల ముఖం కనపడలేదు. సెల్ఫీ కర్రలు మాత్రం తగిలాయి. వాతావరణం దయతలిస్తే బాగుంటుందేమో. ఒకరోజే ఉన్నవాళ్లు ఉదయం ఎనిమిదిలోపు వెళ్లాలి, లేకపోతే వదిలెయ్యొచ్చని నా సలహా.

ఎందుకంటే మా క్యాంప్‌గ్రౌండ్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే హెయింటూగా పిక్నిక్ ఏరియా ఉంది. దాని చివర రాతి అరుగులాంటి చోటు నుంచి రేవెన్ ఫోర్క్ లోయ, అవతల స్మోకీస్ అసలు వెన్నెముక మొత్తం కనపడతాయి. మూడు సాయంత్రాలూ వెళ్లాం. రెండుసార్లు మంచు. మూడోసారి వాన వెలిసి, కొండలు ఒకదాని వెనక ఒకటి ఏడు వరసలు లెక్కపెట్టాం. దగ్గరిది ముదురాకుపచ్చ, చివరిది గాలి రంగు. చెట్లు వదిలే ఆవిరుల వల్లే ఈ నీలి పొగ, కొండలకి ఆ పేరు రావడానికి కారణం కూడా అదే. మాతో పాటు అక్కడున్నది ఇంకొక జంట. వాళ్లు మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు. మా ఇంట్లో అయిదుగురు ఒకచోట చేరి ఇరవై నిమిషాలు మాట్లాడకుండా ఉన్నది నాకు తెలిసి అదే మొదటిసారి. చివరికి మామయ్య అన్నారు, "శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దాటాక పొద్దుగూకే ముందు బండి ఒక్క నిమిషం ఆపేవాణ్ణి. కండక్టరు తిట్టేవాడు, రాత్రి గేటు పడుతుందని." పులుల అభయారణ్యంలో రాత్రిపూట బండ్లు ఆపేస్తారు కదా, ఆ గేటు. ఈ సంగతి అత్తయ్యకి కూడా అప్పటిదాకా తెలియదట.

కాలినడకకి ఫ్లాట్ క్రీక్ ట్రెయిల్ అక్కడి నుంచే మొదలు, వెళ్లడం 2.6 మైళ్లు, పెద్దగా ఎక్కుడు లేదు, కింద మెత్తటి గడ్డి. మేం మైలు దూరం పోయి వచ్చేశాం.

మొత్తం ఖర్చు చెప్పాలంటే, మూడు రాత్రులకి సైటు 90, పార్కింగ్ ట్యాగు 15, కట్టెలు, ఐసు, స్నానాలు, పెట్రోలు. అప్పటి క్యాబిన్‌లో ఒక్క రాత్రి అద్దెలో అన్నీ అయిపోయాయి. కానీ చవకని మాత్రం దీనికి వెళ్లకండి. నెలల పసివాళ్లు ఉన్నవాళ్లకి, రాత్రిపూట ఆక్సిజన్ మెషీన్ లాంటివి కావాల్సినవాళ్లకి ఇది చోటు కాదు. కరెంటు లేదు, అవసరమైతే ఫోను చేయడానికి కూడా కొండ దిగాలి. ఆఫీసు మెయిల్ చూడకుండా ఉండలేనివాళ్లకి కూడా కాదు. మా ఆయన రెండో రోజు "ఊరికే, గాలి కోసం" అంటూ సోకో గ్యాప్ దాకా డ్రైవ్ చేసి వచ్చారు, అందరికీ అర్థమైంది. ఏటి చప్పుడు, చదును నేల కావాలంటే స్మోక్‌మాంట్ మేలు. చలి, మంచు, చీకటి, పెద్దగా ఏమీ లేకపోవడం నచ్చేవాళ్లయితే బాల్సమ్.

ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుఫాను ఈ వైపు కొండల్ని బాగా దెబ్బతీసింది. పిజన్ నది పక్కన ఇంటర్‌స్టేట్ 40 రోడ్డే కొట్టుకుపోయింది, పార్క్‌వే, కాటలూచీ లోయ, బిగ్ క్రీక్ దెబ్బతిన్నాయి. ఏ రోడ్డు, ఏ క్యాంప్‌గ్రౌండ్ తెరిచి ఉందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బుక్ చేసుకోండి. మేం చెప్పిన దారే ఉంటుందని బయల్దేరొద్దు.

అత్తయ్య, మామయ్య మళ్లీ వచ్చే వేసవికి వస్తున్నారు. టికెట్లు తీసిన రోజే అత్తయ్య ఫోన్ చేసి ఒక ఆర్డర్ వేసింది. ఇంకో టెంటు కొనమంది. లోపల నిలబడి చీర కట్టుకునేంత ఎత్తుది.